కొండకు గుమ్మాలు: మైదుకూరు ప్రాంతంలో నల్లమల కాలిబాటలు మొదలయ్యే చోట్ల చరిత్ర

కడపకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కుందూ లోయలోని రేగడి నేలల అంచున ఉన్న మైదుకూరు పసుపు పంటకు, ముఖ్యంగా తన పేరుతోనే చలామణీ అయ్యే ఒక పసుపు రకానికి తెలుగునాట పేరుపడిన ఊరు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, దువ్వూరుల మీదుగా కడపకూ ఆపైన చిత్తూరుకూ సాగే 40వ నంబరు జాతీయ రహదారి, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చి బద్వేలు, నెల్లూరుల మీదుగా కృష్ణపట్నం రేవుకు చేరే 67వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి కూడలిలోనే కలుసుకొని విడిపోతాయి. రెండోది ఊరు దాటి తూర్పుగా సాగి, నల్లమల దక్షిణపు కొనలను కనుమ గుండా, అంటే రెండు కొండల నడుమ సహజంగా ఏర్పడిన సందు గుండా దాటి, సగిలేటి లోయలోకి దిగుతుంది. నెల్లూరు తీరపు ఉప్పు మీదికీ, లోయలోని పత్తీ ధాన్యమూ కిందికీ ఎద్దుల మీద నడిచిన కాలంలో ఇలాంటి కనుమలే బతుకుదారులు. పడమట చూస్తే కర్నూలు–కడప కాలువ కింద తడిసే వరిమళ్ళు, పసుపు తోటలు. తూర్పున చూస్తే రాతిగోడ వంటి కొండల వరుస. కొండల మీది పచ్చికబయళ్ళకో, లోపలి కోనలకో కాలినడకన పోదలచిన వారికి ఈ ఊరి నుంచి ఎన్నో దిక్కులున్నాయి గాని, ఏ దిక్కున పోయినా నడక ఎక్కడ మొదలుపెట్టాలన్నది వారి ఇష్టానికి వదిలిన విషయం ఏ కాలంలోనూ కాలేదు.

నల్లమల నడకలను గురించి వ్రాసినవారు సాధారణంగా గమ్యాన్నే వర్ణిస్తారు. శ్రీశైల శిఖరం, ఎగువ అహోబిలం, లంకమల్లేశ్వరుని కోన వంటి చోట్లకు స్థలపురాణాలున్నాయి, శాసనాలున్నాయి. దారి మొదలయ్యే ఊరికి మాత్రం అటువంటి గౌరవం దక్కలేదు. అయినా చరిత్రకారునికి అక్కడ దొరికే సమాచారం శిఖరం మీద దొరికేదానికి తీసిపోదు. ఎందుకంటే నీరు, తోడు, అనుమతి అనే మూడింటినీ యాత్రికుడు సమకూర్చుకొన్నది కొండ కిందనే, ఆ మూడింటి మీదా పెత్తనం ఎవరిదైతే కొండ మీద అధికారమూ వారిదే అయింది. ఆలయాలు, రాజులు, పాలెగాళ్ళు, నవాబులు, చెంచులు, కుంఫిణీ దొరలు, చివరకు అటవీశాఖ వరుసగానో కలగలిసిగానో ఈ చోట్లను పట్టుకొని ఉన్నారు.

ఈ భావనకు అతి పాత రూపం శ్రీశైల సంప్రదాయంలోని ద్వారాల లెక్కలో కనిపిస్తుంది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు మహాద్వారాలని శైవులు చెప్పుకొంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటికి తోడుగా చెప్పే ఉపద్వారాలలో కడపకు దగ్గరలో పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరి ఒకటి. ఈ ద్వారాలలో ఏదీ శ్రీశైల పర్వత పాదాన లేదు. సిద్ధవటం నుంచి శ్రీశైలానికి మధ్య లంకమల, నల్లమల వరుసలూ అనేక రోజుల నడకా ఉన్నాయి. అయినా అక్కడి జ్యోతి సిద్ధేశ్వరుని దర్శించి బయలుదేరినవాడు కొండలోకి అడుగుపెట్టినట్టే లెక్క. దీన్ని భక్తుల అతిశయంగా తోసిపుచ్చడం తేలిక గాని, ఆచరణలో చూస్తే ఇందులో గట్టి లోకజ్ఞానమే ఉంది. దూరదేశం నుంచి వచ్చినవారు పెన్న వంటి ఏటి ఒడ్డున ఆగి, గుంపుగా కూడి, దారి తెలిసినవారిని వెతుక్కొని, తిండిగింజలు కొనుక్కొని, ఆపైన కదలడానికి అటువంటి చోటు ఒకటి తప్పనిసరి. 16, 17 శతాబ్దాలలో సిద్ధవటాన్ని ఏలిన మట్లి రాజులు పెన్న ఒడ్డున కోటను బలపరచుకొన్నప్పుడు, దేవుని గుమ్మమే దొరల గుమ్మం కూడా అయింది. 1800లో నిజాం నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీకి దత్తమైన తరువాత కొద్దికాలం, 1808 నుంచి 1812 వరకు, జిల్లా కచేరీ సైతం సిద్ధవటంలోనే నడిచింది.

మైదుకూరు ఈ దక్షిణ ద్వారానికీ ఉత్తరాన ఉన్న అహోబిల, శ్రీశైలాలకూ నడుమ దారిలో పడుతుంది. కడప, ఖాజీపేట, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ, నంద్యాల అనే ఈ వరుస కొండను కుడిచేతి వైపున ఉంచుకొని ఉత్తరానికి సాగే బాట. ఎండకాలంలో కుందూ చేరువలో ఉండటం, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండటం దీని అనుకూలాలు. ఊరికి తూర్పున కొండ అంచున ఉన్న కందిమల్లాయపల్లె 17వ శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి నివాసమై, ఆయన జీవసమాధి తరువాత బ్రహ్మంగారి మఠంగా స్థిరపడటంతో, ఈ బాటకు పక్కగా మరో యాత్రాస్థలం వెలిసింది. వైశాఖ శుద్ధ దశమినాటి ఆరాధనకు వచ్చే జనం, శిష్యుడు సిద్ధయ్య సమాధి ఉన్న ముడుమాల దాకా పోయే జనం కొండ ఎక్కరు. అయినా సత్రాలు, చలివేంద్రాలు, బండ్లు, అన్నదానాలు అనే యాత్రా సరంజామా ఈ ప్రాంతంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండటానికి ఇటువంటి మఠాలు కొంత కారణం.

కొండల లోపలి పచ్చికబయళ్ళు ఎలా ఏర్పడ్డాయో తెలియకపోతే దారుల తీరు అర్థం కాదు. నల్లమల భూవిజ్ఞానులు కడప బేసిన్ అని పిలిచే అతిపురాతన శిలల తొట్టెలోని భాగం. పైన గట్టి తెల్లని గచ్చురాయి వంటి క్వార్ట్‌జైట్ పొరలు, వాటితో అల్లుకొని పలకలుగా విడిపోయే మెత్తని షేలు, పలకరాయి పొరలు ఉంటాయి. గట్టిరాయి నిలిచిన చోట కొండ అంచు నిట్రంగా, తల చదునుగా ఉంటుంది. మెత్తరాయి అరిగిన చోట పొడుగాటి లోయలు ఏర్పడతాయి. గట్టిరాతి పగుళ్ళలోకి ఇంకిన వాననీరు మెత్తరాయిని తాకి మరి దిగలేక పక్కకు ఊరుతుంది. అక్కడే ఊటలు, దోనెలు, కొలనులు పుడతాయి. ఇటువంటి ఊట ఉన్న ఇరుకు లోయను ఈ సీమలో కోన అంటారు. లంకమల్లేశ్వరకోన, నిత్యపూజకోన వంటి ప్రతి కోనలోనూ ఒక శివలింగం, ఒక నీటిధార జంటగా కనిపించడం వింత కాదు, వేసవిలో కూడా ఎండని నీరు ఉన్న చోటే దేవుడూ నిలిచాడు.

కొండ మీది బయళ్ళు మాత్రం పూర్తిగా ప్రకృతి పని కావు. నారేపి, చిరుమాను, నల్లమద్ది, వెదురు పెరిగే ఎండుటాకుల అడవిలో నీటికుంట చుట్టూ కొంత మేర చెట్టు పలచబడి బోదగడ్డి, ఇతర గడ్డిజాతులు పరచుకోవడానికి పశువుల మేపు, ఏటేటా పెట్టే నిప్పు, పాతకాలపు సేద్యం అన్నీ కారణాలే. పల్లపు రైతులు పైరు ఉన్న కాలంలో పశువులను ఇంటి దగ్గర ఉంచుకోలేక, కరువు ఏట గడ్డి దొరక్క, మందలను కాపరులకు అప్పగించి కొండ మీదికి తోలేవారు. కాపరులు రాత్రిళ్ళు పశువులను ముళ్ళకంచెలో కట్టి పడుకొనే చోటు పెంట అయింది. పేడతో బలిసిన ఆ నేల మీద మనుషులు వదిలిపోయిన తరువాత కూడా చాలాకాలం గడ్డి దట్టంగా మొలుస్తుంది. చెంచుల ఆవాసాలకూ ఇదే మాట స్థిరపడింది. రోళ్ళపెంట వంటి పేర్లు అడవి నడిబొడ్డున ఉంటే, మైదుకూరు మండలంలోని వనిపెంట కొండ అంచున, అడవికీ సేద్యానికీ సరిహద్దున ఉంది. ఈనాటి నడకదారు నిశ్శబ్దమైన పచ్చికను చూసి మనిషి ముట్టని చోటని భావిస్తే అది పొరపాటే. నల్లమలలో బయలు కనిపించిందంటే అక్కడ ఎవరో ఒకప్పుడు పశువులను కట్టారనో, చెరువు కట్టారనో ముందుగా అనుమానించాలి.

చెరువు మాట వచ్చింది కాబట్టి, కొండకు అవతలి వైపున, సగిలేటి లోయలో ఉన్న పోరుమామిళ్ళ చెరువును తలచుకోక తప్పదు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఈ చెరువు దగ్గరి 1369 నాటి సంస్కృత శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, చెరువును చెరిచే ఆరు దోషాలనూ వరుసగా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేసినట్టు కూడా నమోదు చేసింది. నీళ్ళ విద్య తెలిసినవాడు ఉండటం, కొండల నడుమ నీరు నిలిచే అనువైన చోటు దొరకటం ఆ పన్నెండింటిలోనివి. కొండలను ఈ శాసనకర్త చూసిన చూపు యాత్రికుని చూపు కాదు, నీటి పంపకందారుని చూపు. అయినా యాత్రామార్గాల మీద కుంటలు, మెట్లబావులు కట్టించిన దాతలకూ ఈ లెక్క తెలిసే ఉండాలి.

కొండదారుల్లో అన్నిటికంటే ఎక్కువ చరిత్ర నమోదైనది నంద్యాల వైపు ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి పోయే కాలిబాట. (నెల్లూరు జిల్లాలోని ఆత్మకూరు వేరు, మైదుకూరు నుంచి రెండు ఆత్మకూరులకూ బస్సులో చేరవచ్చు గనుక ప్రయాణం తలపెట్టినవారు ఏ ఊరని ముందుగా అడగడం మంచిది.) ఈ బాట వెంకటాపురం దగ్గర మైదానాన్ని విడిచి, వీరభద్రుని గుడి ఉన్న నాగలూటికి ఎక్కి, అడవి గుండా పెద్దచెరువుకు చేరి, అక్కడి నుంచి మఠంబావి మీదుగా భీమునికొలను అనే లోతైన లోయలోకి దిగి, మళ్ళీ రాతిమెట్ల మీద నిటారుగా ఎక్కి కైలాసద్వారం దగ్గర శ్రీశైల పీఠభూమిని అందుకొంటుంది. సుమారు 40 కిలోమీటర్ల ఈ దారి సామాన్యులకు రెండు, మూడు రోజుల నడక. పెద్దచెరువు, వాడుకలో పేచెరువు, దీనికి నడిమి మజిలీ. నలుదిక్కులా అడవి, నడుమ చెరువు, గట్టు కింద గడ్డి, పక్కన చెంచుగూడెం. కొండ మీది బయలు అన్న మాటకు ఈ సీమలో ఇంతకంటే సరైన ఉదాహరణ దొరకదు.

14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించినవాడిగా ప్రసిద్ధుడు. అదే శతాబ్ది చివరి భాగంలో విజయనగరపు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ శ్రీశైలం నుంచి కృష్ణలోని పాతాళగంగకు మెట్లు కట్టించింది. ఈ రెండు పనులనూ పుణ్యకార్యాలుగానే చెప్పుకోవడం ఆనవాయితీ, అది నిజమే. కాని ఓరుగల్లు పతనం తరువాతి కల్లోలంలో కొత్తగా తలెత్తిన రాజు తన మొదటి పనులలో ఒకటిగా అడవి గుండా మెట్లు కట్టించాడంటే, జనం రాకపోకలను తిరిగి మొదలుపెట్టించి, ఆ రాకపోకలకు తానే రక్షకుడనని చాటుకోవడం కూడా అందులో ఉందనుకోవాలి. మెట్లు కట్టినవాడే దారి ఏదో నిర్ణయించినవాడు. అడవిలో ఎన్ని జాడలున్నా యాత్రికుడు రాతిమెట్టునే వెతుక్కొంటాడు. కృష్ణదేవరాయల కాలానికీ, 1677లో శివాజీ శ్రీశైలానికి వచ్చిన కాలానికీ ఈ కొండల చుట్టూ సత్రాలు, మండపాలు, బావులతో కూడిన యాత్రావ్యవస్థ బాగా ముదిరి ఉంది.

ఆ వ్యవస్థ చెడిన కాలంలో దాన్ని దగ్గరగా చూసి వ్రాసినవారు ఇద్దరు. సర్వేలతోనూ, కైఫీయత్తుల, అంటే ఊళ్ళ చరిత్రల రాతప్రతుల సేకరణతోనూ తెలుగువారికి తెలిసిన కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం చూసి, ఆలయాన్ని గురించిన తన వృత్తాంతాన్ని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో ప్రకటించాడు. ఐరోపావారి కంట పడిన మొదటి వర్ణన అదే. తరువాత ముప్పై ఆరేళ్ళకు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే తర్జుమాదారుగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య, 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, దువ్వూరు, అహోబిలం, నంద్యాల ప్రాంతాల మీదుగా ఆత్మకూరు చేరి, పైన చెప్పిన బాటనే శ్రీశైలం ఎక్కాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర యాత్రాగ్రంథంగా ఎంత పేరుపొందిందో, దారి ఏర్పాట్లకు చేతిపుస్తకంగా అంత విలువైనది. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, ఇళ్ళు ఎన్ని, సరుకులు దొరుకుతాయా, బోయీలు దొరుకుతారా, ఎక్కడ ఏ సుంకం అన్నది ఆయన ఊరూరా చెబుతూ పోతాడు. దుబాసీగా దొరల అవసరాలకు అలవాటుపడిన మనిషి కాబట్టి, తరువాత వచ్చేవారికి ఏం తెలియాలో ఆయనకు తెలుసు. అడవి దారిలో పల్లకీ పనికిరాదు గనుక ధనికులు డోలీ ఎక్కేవారు. ఒక వెదురుబొంగుకు వేలాడగట్టిన కుర్చీనో గుడ్డ ఊయలనో మనుషులు భుజాన మోసేదే డోలీ.

అప్పటికి ఆ కొండ కర్నూలు నవాబు ఏలుబడిలో ఉంది. యాత్రికులపై తల ఇంతని పన్ను వసూలుచేయడం, డోలీలకు వేరే రేటు పెట్టడం నవాబు ఉద్యోగులకు మంచి రాబడి. గుడికి మాత్రం తిరిగి వచ్చింది స్వల్పం. 1839లో కంపెనీవారు నవాబు గులాం రసూల్ ఖానును పదవీచ్యుతుణ్ణి చేసి కర్నూలును కలుపుకొన్న తరువాత, గుడుల వ్యవహారంలో సర్కారు చేయి ఉండరాదన్న మిషనరీల ఒత్తిడి కూడా తోడై, శ్రీశైల ఆలయ నిర్వహణ పుష్పగిరి పీఠానికి దక్కింది. దాదాపు తొమ్మిది దశాబ్దాలపాటు, 1929లో ప్రత్యేక కమిటీ ఏర్పడే వరకు, శ్రీశైలం కడప ఇలాకాలోని ఈ పీఠం చేతిలోనే ఉంది. సంప్రదాయం ఉపద్వారంగా లెక్కించిన చోటికే కొండ తాళంచెవి వచ్చి చేరిందన్నది యాదృచ్ఛికమే కావచ్చు గాని, దక్షిణం వైపు యాత్రికులకు ఆ బంధుత్వం అపరిచితం కాదు.

రాజు, నవాబు, పీఠాధిపతి ఎవరైనా, అడవిలో అడుగు తీసి అడుగు వేయించినవారు చెంచులు. కొండతేనె తీసి, గడ్డలు తవ్వి, వేటాడి బ్రతికిన ఈ జాతికి నల్లమల స్వస్థలం. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్యగా, అహోబిల నరసింహుణ్ణి చెంచులక్ష్మి పెనిమిటిగా, అంటే ఇంటి అల్లుడిగా భావించడం వారికి పరంపర. సంక్రాంతి మరునాడు కనుమ పండుగనాడు అహోబిలేశుడు పారువేటకు, అనగా వేట ఉత్సవానికి బయలుదేరి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరగడం ఈనాటికీ సాగుతున్న ఆచారం. కొండదేవుడు తన అత్తింటివారిని తోడు తీసుకొని పల్లానికి దిగి రైతుల కానుకలు అందుకోవడంలో, కొండకూ పల్లానికీ మధ్య పాత ఒప్పందం ఒకటి ఏటా మళ్ళీ రాసుకొన్నట్టు ఉంటుంది.

ఆ ఒప్పందంలో బెదిరింపు పాలు కూడా ఉంది. కనుమల దగ్గర కావలి కాసినందుకు, దారి చూపినందుకు చెంచులు యాత్రికుల నుంచీ పల్లె రైతుల నుంచీ రుసుము తీసుకొనేవారు. రుసుము ముట్టకపోతే అదే దారిలో సామాన్లు పోయేవి. రాయలసీమ పాలెగాళ్ళు పాటించిన కావలి పద్ధతికి ఇది అడవి రూపం. కర్నూలు చేతికి వచ్చిన తరువాత కంపెనీ అధికారులు ఈ పద్ధతిని రద్దు చేయకుండా, చెంచులనే కావలివారిగా కొనసాగించడానికి కారణం దయ కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, నల్లమల దారులను ఆసరా చేసుకొని కొన్ని నెలలు సైన్యాన్ని తిప్పలుపెట్టిన తరువాత, కనుమల నోళ్ళు ఎవరి చేతిలో ఉంటే సీమ వారి చేతిలో ఉంటుందన్న పాఠం మద్రాసు సర్కారుకు బాగా తలకెక్కింది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు.

ప్రయాణ కాలం ఎంపికలో దేవుని తిథి కంటే జ్వరభయం తక్కువ పాత్ర వహించలేదు. వానలు వెనుకబట్టిన తరువాత కుంటలు నిండి ఉన్నప్పుడు అడవి చూడడానికి అందంగా ఉంటుంది గాని, నల్లమల చలిజ్వరం, అంటే మలేరియా, విజృంభించేది ఆ నెలల్లోనే. 19వ శతాబ్దపు ఉద్యోగులకు అడవి డ్యూటీ అంటేనే భయం. మాఘం చివర శివరాత్రికి దోమ తగ్గుతుంది, ఆకు రాలి దారి కనిపిస్తుంది, పెద్ద కుంటలలో నీరు ఇంకా మిగిలి ఉంటుంది. ఉగాదికి నీరు ఇంకా తగ్గి ఎండ ముదురుతుంది. అప్పటికి పంట ఇల్లుచేరి చేతిలో పని ఉండదు కాబట్టి రైతుకు అదే వీలు. ఈ రెండు తిథులూ కొండదారికి కుదిరిన కాలాలు కావడంలో పంచాంగం కంటే అనుభవమే ముందు నడిచి ఉండాలి. సద్దరొట్టెలు, బొరుగులు, బెల్లం, ఎండుకారం మూటకట్టుకొని, సొరకాయ బుర్రల్లో నీళ్ళు నింపుకొని, గుంపుగా కదలడమే సామాన్యుని ఏర్పాటు.

1882 మద్రాసు అటవీ చట్టం ఈ గుమ్మాల స్వభావాన్ని మార్చివేసింది. అంతవరకు రాజుదీ ఎవరిదీ కానట్టుండిన అడవి రిజర్వు అడవిగా హద్దురాళ్ళు నాటుకొంది; కట్టె, వెదురు, మేపు అన్నీ పర్మిట్టు మీదికి వచ్చాయి. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప జిల్లాలు మనుషులనూ పశువులనూ కోల్పోయిన గుర్తు ఇంకా పచ్చిగా ఉండగానే మేపు మీద రుసుము రావడం రైతులకు మింగుడుపడలేదు. పశువుల బాటలు కొండ ఎక్కే ప్రతి చోటా అటవీ చౌకీ వెలిసింది. సుంకపు ఠాణా, కావలివాని మంచె ఉండే చోటనే గార్డు గుడిసె నిలవడం సహజం, ఎందుకంటే కొండ ఎక్కే నోరు మారదు. వనిపెంట ఇప్పుడు ప్రొద్దుటూరు అటవీ డివిజన్‌లో ఒక రేంజికి పేరు. మంద కట్టిన చోటుకు పేరైన పెంట, మందను ఆపే కచేరీకి పేరైంది.

20వ శతాబ్దంలో కాలిబాటలను దెబ్బతీసింది చట్టం కాదు, మోటారు. దోర్నాల వైపు నుంచి శ్రీశైలానికి మోటారు రోడ్డు పడటం, 1960 దశకంలో కృష్ణ మీద ఆనకట్ట పనులు మొదలై కొండ మీద ఊరే ఏర్పడటం, బస్సులు రోజూ తిరగడం జరిగాక, ఆత్మకూరు బాట ఏడాదిలో పదకొండు నెలలు మనుషులు లేనిదైంది. మెట్లు పగిలాయి, కొన్ని మండపాలను నిధుల దొంగలు తవ్విపోశారు. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల రక్షిత ప్రాంతంగా నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులు ప్రకటితమైన తరువాత, నడవడమే నిషేధమైంది. అడవిని నమ్ముకొన్న చెంచుల రాకపోకల మీద కూడా ఆంక్షలు వచ్చాయి. అయినా కన్నడ దేశపు వీరశైవ భక్తులు, కర్నూలు పడమటి తాలూకాల రైతులు ఉగాదికి ముందు నడిచే అలవాటు మానలేదు. అటవీశాఖ ఏటా ఆ కొద్దిరోజులు వెంకటాపురం నుంచి దారి తెరిచి, మధ్యలో నీళ్ళు, వైద్యం ఏర్పాటు చేయనిచ్చి, పండుగ తరువాత మూసివేస్తుంది. పేచెరువు దగ్గర, ఆత్మకూరు చేరువలోని బైర్లూటి దగ్గర అదే శాఖ అతిథులకు విడిది శిబిరాలు కూడా నడిపింది. చెంచు యువకులు అక్కడ మార్గదర్శకులుగా జీతానికి పనిచేశారు. పాత కావలి రుసుముకూ ఈ జీతానికీ మధ్య ఉన్న తేడా, దారి మీద హక్కు ఎవరిదన్నది.

మైదుకూరుకు అన్నిటికంటే దగ్గరి అడవి లంకమల విషయంలో ఈ మూత మరింత కఠినంగా ఉంది. దానికి కారణాలు ఒక పక్షి, ఒక చెట్టు. 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుని ద్వారా శాస్త్రలోకానికి పరిచయమై, 1900 తరువాత కనిపించక అంతరించిందని అందరూ వదిలేసిన కలివికోడిని, 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సాయంతో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనుగొన్నాడు. రాత్రిళ్ళు మాత్రమే తిరిగే ఈ పక్షికి కావలసింది దట్టమైన అడవి కాదు, ముళ్ళపొదల నడుమ అక్కడక్కడ బయలు నేల. కట్టె కొట్టి, మేకలు మేపి జనం పలచబరచిన అంచు నేలలే దానికి అనువైన ఇల్లు అయ్యాయి. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత తెలుగుగంగ కాలువ తవ్వకం పక్షి ఆవాసాన్ని తాకినప్పుడు కాలువ దారినే మార్చవలసి వచ్చింది. చెట్టు విషయానికి వస్తే, ప్రపంచంలో ఈ దక్షిణపు తూర్పుకనుమలలో తప్ప సహజంగా పెరగని ఎర్రచందనం ఈ కొండల మీదిది. దొంగరవాణా పెరిగిన కొద్దీ కొండ అంచున తనిఖీ కేంద్రాలు, బేస్‌క్యాంపులు, కెమెరాలు పెరిగాయి. గొడ్డలి లేకుండా నోరుమెదపక నడిచే మనిషి కూడా సంశయానికి పాత్రుడయ్యాడు.

ఈ నేపథ్యంలో మైదుకూరు నుంచి కొండ నడకకు ఏర్పాటు చేసుకొనేవారి ముందున్న దారులు పాత లెక్కలోనే పడతాయి. శివరాత్రికి సిద్ధవటం మండలంలోని వంతాటిపల్లె వైపు నుంచి నిత్యపూజకోనకూ, బద్వేలు వైపు నుంచి లంకమల్లేశ్వరానికీ వేలమందితో కలిసి నడవవచ్చు. ఆ రోజుల్లో ఆర్టీసీ ప్రత్యేక బస్సులూ, దాతల అన్నదానాలూ ఉంటాయి. అహోబిలంలో నవనారసింహ క్షేత్రాల దారులు ఏడాది పొడుగునా సందడిగా ఉంటాయి, పావన నరసింహుని గుడి దారి మాత్రం అడవి లోపలికి పోతుంది. ఉగాదికి ముందు ఆత్మకూరు బాట. జనం లేని రోజున, గడ్డిబయలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చూడాలనుకొన్నవారు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ అధికారుల అనుమతి ముందుగా వ్రాతమూలంగా పొందాలి, శాఖ సిబ్బందినో గూడెం మనిషినో వెంట తీసుకొనిపోవాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడే దాకా కార్చిచ్చు కాలం కనుక అగ్గిపెట్టె, బీడీ, పొయ్యి నిషిద్ధం. ఆ నెలల్లో సాధారణంగా అనుమతి దొరకడమూ కష్టమే. వానలు వెనుకబట్టి గడ్డి లేచిన కాలంలో పోయేవారు దోమతెర మాత్రం మరవరాదు.